చదవకుండా వదిలిన మూడు వరుసలు

చేవెళ్ల,
అక్టోబరు 12, ఆదివారం.

ప్రభువునందు ప్రియమైన అత్తమ్మకు,

మీ కోడలు కృపాజ్యోతి వందనాలతో రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. యాదగిరిలో మీరూ మీ హాస్టల్ ఆడపిల్లలూ క్షేమమని తలుస్తాను. బుధవారం మీ ఉత్తరం అందింది. ఫోన్‌లో మాట్లాడితే అయిపోయేదానికి ఇన్ని ఉత్తరాలెందుకని పోస్ట్‌మన్ అంజయ్య అడుగుతుంటాడు. మా అత్తమ్మకు చెవిలో మిషను పెట్టుకున్నా ఫోన్‌లో గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదని చెప్పాను. అది నిజమే. కానీ మీకు బాగా వినపడే రోజులైనా ఈసారి ఉత్తరమే రాసేదాన్ని. కొన్ని మాటలు కాగితం మీద పెడితేగానీ నా నోటికి రావడం లేదు.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. మొయినాబాద్ ఇల్లు మే నెలలో ఖాళీ చేశాం కదా, ఈ కిరాయి ఇల్లు చేవెళ్ల మార్కెట్ వెనకవైపు. కింది అంతస్తే. గడప దాటితే రెండే మెట్లు, కాబట్టి ఆయన పడతారన్న భయం పెట్టుకోకండి. పొద్దున్నే కూరగాయల బండ్లు వస్తాయి. ఏ బండిలో ఏముందో మీ అబ్బాయి వాకిట్లో కూర్చుని వాసనతో చెప్తారు. కొత్తిమీర, టమాట ఎవరైనా చెప్తారు. ఆయన క్యారెట్ బండిని కూడా మట్టి వాసనతో పట్టేస్తారు. ఒకరోజు బీరకాయలన్నారు, తీరా చూస్తే సొరకాయలు. ఆ రోజంతా ఒప్పుకోలేదు. రాత్రిపూట జొన్నరొట్టెలే తింటున్నారు. షుగర్ మాత్రలు నేను గుర్తుచేయకుండానే వేసుకుంటున్నారు. మీరు పంపిన ఊరగాయ చేరింది, సీసా పగల్లేదు.

నాకు పని దగ్గరైంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉన్న బాలకిషన్ సేటు డీటీపీ సెంటర్‌కు ఇంటి నుంచి నడిచి ఎనిమిది నిమిషాలు. పదకొండేళ్లుగా అక్కడే భూముల దస్తావేజులు టైపు చేస్తున్నాను. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పు పోనివ్వదని నాకొక పేరుంది. ఆ పేరు గురించి కూడా ఇందులో కొంత రాయాలి.

ఆయన కంటికి రెండో ఆపరేషన్ తేదీ అడిగారు. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. జరిగింది వరుసగా చెప్తేనే నాకు చెప్పడం వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

రత్నాకర్ పగలంతా ఏం చేస్తుంటాడని అడిగారు. అక్కడ మొదలుపెడతాను.

చూపు పోయి, ఉద్యోగం కూడా పోయాక లాప్‌టాప్ కూడా కంపెనీకి వెళ్లిపోయింది. ఆయన చేతిలో మిగిలింది ఫోన్ ఒక్కటే. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివే ఏర్పాటు అందులో ఉంది, మీరు మా దగ్గర ఉన్నప్పుడు చూశారు. ప్రోగ్రాములు రాయడం తప్ప ఆయనకు వేరే పని చేతకాదు, వేరే పని మీద మనసూ లేదు. ఫోన్‌లోనే ప్రోగ్రాములు రాసుకునే ఆప్‌లు రెండు మూడు దింపి చూశారు. ఎక్కడ తాకినా ఆ గొంతు ‘బటన్, బటన్’ అంటుంది గానీ ఏ బటనో చెప్పదు. వారం రోజులు విసిగిపోయి, నాకు కావల్సింది నేనే కట్టుకుంట అన్నారు.

మనం రాసిన ప్రోగ్రామును ఒక్కో వరుస చదువుతూ, అది చెప్పిన పని చేసిపెట్టేదాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. ఆయన ఒక చిన్న భాషను ఎంచుకున్నారు. దాని ఇంటర్‌ప్రెటర్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. కానీ దాన్ని రాసింది కంప్యూటర్ల కోసం. ఫోన్ లోపలి చిప్పు వేరు, దానికి అర్థమయ్యే సూచనలు వేరు. పోనీ ఫోన్‌లోనే తయారుచేద్దామంటే అంత బరువు ఆ ఫోన్ మోయలేదు. అందుకని కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోన్‌కు సరిపడేట్టు తయారుచేసి, తర్వాత ఫోన్‌లోకి పంపాలి. క్రాస్ కంపైల్ అంటారట. అత్తమ్మకు ఎట్లా రాయాలని అడిగితే ఆయనే చెప్పారు: “అమ్మ యాదగిరిల ఉండి నాకు అంగీ కుట్టి పంపినట్టు. ఏసి చూడనీకి మనిషి ఎదురుంగ ఉండడు. కొలతలు కరెక్టుగ ఉండాలె.”

ఆ కొలతలు నిజంగానే ఒక ఫైలులో రాయాలి. మామూలుగా అయితే కంప్యూటర్ తనను తానే పరీక్షించుకుని ఆ జవాబులు తెచ్చుకుంటుంది. ఇక్కడ ఫోన్ సంగతి దానికి తెలియదు కాబట్టి, నీ అంకెలు ఎంత పొడుగు, నీ గదులు ఎంత వెడల్పు అన్న ప్రశ్నలన్నిటికీ ఫోన్ తరఫున మనమే జవాబివ్వాలి.

కంప్యూటర్ కావాలని సేటును అడగడానికి వారం వెనకాడాను. ఆయన ఒక్క మాటే అన్నారు. “ఐతారం మిషన్లు ఉత్తగనే ఉంటయ్ గదమ్మ.” తాళంచెవి ఇచ్చేశారు. ఏప్రిల్ చివరి ఆదివారం నుంచి, మొయినాబాద్‌లో ఆరాధన అయ్యాక చేవెళ్ల బస్సెక్కి, మధ్యాహ్నాలు షాపులో గడిపాం. నేను కీబోర్డు ముందు, ఆయన పక్కన స్టూల్ మీద. ఆయన చెప్పింది నేను కొట్టేదాన్ని, తెర మీద వచ్చింది చదివేదాన్ని. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా దస్తావేజు చదివినట్టే చుక్క, కామా, బ్రాకెట్టు వదలకుండా చదివేదాన్ని. ఆయన తల వంచి వినేవారు. ఎక్కడో ఒకచోట ఆపి, ఆ వరుస మళ్లీ అనేవారు. తొమ్మిదేళ్ల కాపురంలో మేమంతసేపు పక్కపక్కన కూర్చున్నది లేదత్తమ్మా. ఆయన గచ్చిబౌలి నుంచి వచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని, నేను లేచేసరికి ఆయన నిద్రలో ఉండేవారు.

జూన్ పదిహేనున అది తయారై ఫోన్‌లోకి చేరింది. సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి దానితోపాటే మూడు వందల పన్నెండు పరీక్షలు వస్తాయి. ఫోన్‌ను వైరుతో కంప్యూటర్‌కు తగిలించి అవన్నీ నడిపించాం. పాస్, పాస్ అని వరుసలు పైకి జరిగిపోతుంటే చదువుతూ పోయాను. చివరికి ఆయన, “అన్ని పాసయినయా?” అని అడిగారు. “అన్ని పాసయినయి” అన్నాను. ఆయన ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు అట్లాగే కూర్చున్నారు. తర్వాత, చాయ్ తాగుదాం పా అన్నారు. ఏడాదిలో ఆయనగా బయటికి పోదామనడం అదే మొదలు.

ఆగస్టులో ఝాన్సీ అనే ఆమె పరిచయమైంది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. ఊరు షాబాద్, చందనవెల్లిలో ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. పుట్టుకతోనే చూపు లేదు. మన పాస్టరమ్మగారి ద్వారా ఆయన సంగతి తెలిసి, నాక్కూడా ప్రోగ్రాములు నేర్పు అన్నా అని అడిగింది. ఆయన తన ఇంటర్‌ప్రెటర్‌ను ఆమె ఫోన్‌కు కూడా పంపి, రోజూ సాయంత్రం అరగంట ఫోన్‌లోనే పాఠం చెప్పేవారు. నేను వంట చేస్తూ వినేదాన్ని. ఆయన గొంతు ఉద్యోగం రోజుల్లో ఎట్లా ఉండేదో అట్లా ఉండేది.

సెప్టెంబరులో ఆమె సొంతంగా ఒక ప్రోగ్రాము రాసింది. వాళ్ల గేటు నుంచి బస్‌స్టాప్ దాకా ఎన్ని అడుగులు, ఎటు తిరగాలి అన్నది ఆమెకు లెక్కే. ఆ లెక్కను ఫోన్‌లో పెట్టింది. కుడికి వేసే అడుగులు మామూలు అంకెలు, ఎడమకు వేసేవి మైనస్ అంకెలు. మూడడుగులు ఎడమకు అని రావాల్సినచోట రెండు వందల యాభై మూడు అడుగులు కుడికి అని వచ్చింది. ఆమె పాఠం వేళ ఫోన్‌లో ఈయనను అడిగింది. ఇంటర్‌ప్రెటర్ పరీక్షలన్నీ పాసైంది, తప్పు నీ ప్రోగ్రాములోనే ఉంది, మళ్లీ చూసుకో అన్నారు. ఆమె మళ్లీ రాసింది. మళ్లీ అదే. పది రోజుల్లో నాలుగుసార్లు మొదటినుంచి రాసిందట. నాలుగోసారి ఈయన కాస్త కసురుకున్నారు కూడా. మర్నాడు సాయంత్రం పాఠానికి ఆమె ఫోన్ రాలేదు. రెండో రోజు ఫోన్ చేసి, ఈ చదువు నాతోని కాదన్నా, ఇడిసిపెడుతున్న అని చెప్పింది.

పొయ్యి దగ్గర నిలబడి అంతా విన్నాను. కానీ నోరు విప్పలేదు.

ఆమె మానేస్తానన్నాక ఆయనకు ఏదో అనుమానం వచ్చింది. మైనస్ మూడుతో తన ఫోన్‌లో రెండు వరుసలు రాసి చూసుకున్నారు. ఫోన్ గొంతు రెండు వందల యాభై మూడు అన్నది. సెప్టెంబరు ఇరవై ఒకటి, ఆదివారం, షాపుకు పోయి ఆ పరీక్షలన్నీ మళ్లీ నడిపించి ఒక్కొక్కటే చదవమన్నారు. చదివాను. ఈసారి మూడు ఫెయిల్ అని చదివాను.

ఆయన ఆశ్చర్యపోయారు. జూన్‌లో పాసైనవి ఇప్పుడెట్లా ఫెయిలవుతాయి అన్నారు. జూన్ తర్వాత ఏం మారిందో వెతకడం మొదలుపెట్టారు. ఫోన్‌లో ఏమన్నా మారిందా, షాపు కంప్యూటర్‌లో ఏమన్నా మారిందా అని ఒక్కొక్కటే తెరిపించి చదివించారు. నేను చదువుతూనే ఉన్నాను. ఏమీ మారలేదని నాకు తెలుసు. లేనిదాని కోసం ఆయన రెండు గంటలు వెతికారు, నుదుటి మీద వేళ్లు పెట్టుకుని, నా గొంతునే నమ్ముకుని. ఇక చూడలేక చెప్పేశాను.

“ఏం మారలేదు. జూన్ల గూడ మూడు ఫెయిలే ఉండె. నేనే పాసయినయని చెప్పిన.”

మూడు వందల పన్నెండులో మూడే కదా, బడిలో అన్నేసి మార్కులు వస్తే ఫస్టు కదా అని నాకు నేను చెప్పుకున్నానత్తమ్మా. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పితే ఒకరి పొలం ఇంకొకరి పాలవుతుందని పదకొండేళ్లుగా తెలిసినదాన్ని నేను.

ఆయన మామూలు గొంతుతోనే అడిగారు.

“ఇంకేమన్న ఉన్నదా జ్యోతి, నువ్వు చదవంది?”

ఆయన అడిగింది తెర గురించే. లేదు అని ఉంటే అబద్ధం కూడా కాదు. తెర మీద నేను దాచింది ఆ మూడు వరుసలే. కానీ నా బ్యాగులో, టిఫిన్ డబ్బా కింద, ఒక దవాఖాన కాగితం మూడు నెలలుగా మడతపెట్టి ఉంది. దాన్ని బయటికి తీశాను.

ఇప్పుడు మీకూ చెప్పాలి. జూన్ పదకొండున చెకప్‌కు పోయినప్పుడు, ఆయనను స్కానింగ్ గదిలోకి తీసుకుపోయాక డాక్టరమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. కుడికన్ను పోయిన సంగతి మనకు తెలిసిందే. ఎడమకంటి నరం కూడా ఎండిపోయిందని, రెండో ఆపరేషన్ చేసినా లాభం లేదని, కంటిని మళ్లీ కోయకపోవడమే మంచిదని చెప్పింది. మీరే నెమ్మదిగా చెప్పండి అన్నది. ఆయన బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడి, ఏమన్నరు అని అడిగారు. వానకాలం పోయినంక చూద్దామన్నరు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అదే మాట మీకూ ఉత్తరంలో రాశాను. ఆ తర్వాత నాలుగు రోజులకే ఆదివారం తెర మీద మూడుసార్లు ఫెయిల్ అని కనిపించింది. అదే వారంలో ఆ మనిషికి ఇదీ కాలేదు అని చెప్పడం నా వల్ల కాలేదు. చెప్పలేకపోయింది నేను. చెప్తే ఆయన వినలేకపోయేవారని ఎవరన్నారు? ఆయన తరఫున ఆ జవాబు కూడా నేనే రాసుకున్నాను.

కాగితం ఎట్లుంటే అట్లనే చదువు అన్నారు. ఇంగ్లిషులో ఉన్నది ఉన్నట్టు చదివాను. అయిపోయాక, తారీకు అన్నారు. జూన్ పదకొండు అన్నాను. వేళ్లు ముడిచి లెక్కపెట్టుకున్నారు.

“రోజు పొద్దుగాల లేసి, మొకం ముందర చెయ్యి పెట్టుకొని చూస్తుంటి. ఏమన్న కనవడుతదా అని. నీకు తెల్సునా?”

“తెల్సు.”

“చూస్తుంటివా?”

“చూస్తుంటి.”

తిట్టినా బాగుండేది. ఇంటికి నడిచేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేయలేదు. కట్టెతో తడుముకుంటూ నా వెనకాల వచ్చారు. ఎనిమిది నిమిషాల దారి ఆ రోజు చాలా దూరమైంది.

ఆ సాయంత్రమే ఝాన్సీకి ఫోన్ చేశారు. తప్పు నీది కాదు, మాది, నిన్ను కసురుకున్నందుకు మాఫ్ చెయ్యి అన్నారు. నా పేరు చెప్పలేదు. నేనే ఫోన్ అడిగి తీసుకుని చెప్పాను. ఆమె, “అక్కా, కండ్లున్నోళ్లు మాకు ఎప్పుడు మంచే చెప్తరు. గదే మాకు పరేషాన్” అన్నది. కోపంగా అనలేదు. ఎండ ఎక్కువుంది అన్నంత మామూలుగా అన్నది.

మరుసటి ఆదివారం ఆమె షాబాద్ నుంచి బస్సులో వచ్చి, షాపు కంప్యూటర్‌లో కూడా తెర చదివే గొంతును పెట్టింది. డబ్బు కట్టక్కర్లేని ఏర్పాటే అది, మాకు తెలియలేదు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఆయనకు దగ్గరుండి నేర్పింది. ఇక ఆయనకు నా గొంతుతో పనిలేకపోయింది. తప్పు ఎక్కడుందో ఆ రోజే కనిపెట్టారు. చిన్న అంకెల్ని దాచుకునే గదిలో కంప్యూటర్ చిప్పు మైనస్‌ను పట్టనిస్తుందట, ఫోన్ చిప్పు దానంతట అది పట్టనివ్వదట. మా కొలతల ఫైలు ఆ సంగతి చెప్పలేదు. ఒక్క మాట చేర్చి మళ్లీ తయారుచేస్తే సరిపోయింది. మూడు వందల పన్నెండు పరీక్షలనూ కంప్యూటరే చదివింది. ఆ గొంతులో సంతోషమూ లేదు, జాలీ లేదు. అన్నీ పాసయ్యాయి. ఝాన్సీ కొత్తదాన్ని ఎక్కించుకుని తన ఫోన్‌లో అడుగుల లెక్క నడిపించి, ఎడమకు మూడు అని వినిపించగానే చిన్నగా నవ్వుకుంది. నేను ఒక మూల కూర్చుని పాత స్టాంపు కాగితాలు సర్దుకున్నాను.

ఇంట్లో ఆయన అవసరమైన మాటలే మాట్లాడేవారు. ఉప్పు సరిపోయింది. బట్టలు ఎండినయా. తాళం ఏసిన. పొద్దున లేచి చెయ్యి ముఖం ముందు పెట్టుకోవడం మానేశారు. లేవగానే వాకిట్లోకి పోయి కూర్చుంటున్నారు. బండ్లు వస్తున్నా ఏముందో చెప్పడం లేదు. నేనూ అడగలేదు.

బుధవారం అంజయ్య మీ ఉత్తరాన్ని ఆయన చేతికే ఇచ్చాడు. నేను షాపు నుంచి వచ్చేదాకా దాన్ని జేబులోనే పెట్టుకుని ఉన్నారు. మీ చేతిరాత గొలుసు రాత కదా, ఫోన్ చూపించి చదివించుకోబోతే అది ఏవేవో అక్షరాలు పలికిందట. నేను చెప్పులు విడుస్తుండగానే ఉత్తరం నా ముందుకు చాపి, “చదువు” అన్నారు. పదిహేడు రోజుల తర్వాత నన్ను చదవమని అడగడం అది.

మొత్తం చదివానత్తమ్మా. మొన్నటి శుక్రవారం ఉపవాసంలో వంటింట్లో కళ్లు తిరిగి పడ్డానని, మోచెయ్యి వాచిందని రాశారు. దాని కిందనే, ‘ఇది నీలోనే పెట్టుకో, రత్నాకర్‌కు చదవకు’ అని రాశారు. అక్కడ నా గొంతు ఆగింది. ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ వాక్యం కూడా చదివాను. నన్ను క్షమించండి.

నవ్వు వచ్చింది ఆయనకు, ఎన్నో రోజుల తర్వాత. “మీ అత్తకోడండ్లు ఒక్క తీరే ఉన్నరు” అన్నారు. అన్నాక ఏడ్చారు. నేను పక్కన కూర్చున్నాను. కూర్చుంటే లేచిపోలేదు.

మీరు ఏడాదిగా ఆయన చూపు కోసం ప్రతి శుక్రవారం పస్తుంటున్నారు, షుగర్ పెట్టుకుని. జూన్‌లోనే నేను నిజం రాసి ఉంటే మీరు ఆ రోజు అట్లా పడేవారు కాదేమో. మీ మోచేతి వాపులో నా వాటా ఉంది. ప్రార్థన మానమని చెప్పేంతదాన్ని కాను. ఆయన చెప్పమన్నది మాత్రం చెప్తాను: “అమ్మకు రాయి, ఆపరేషన్ లేదని రాయి. కడుపు మాడ్చుకునుడు బంద్ చెయ్యమను. సెలవు దొరికితే రమ్మను, ఆపరేషన్‌కు గాదు, ఉత్తగనే.” ఝాన్సీతో పాటు ఇంకో ఇద్దరు పాఠానికి వస్తామంటున్నారట. ఆ కబురు తనే మీకు చెప్తారట, వచ్చినప్పుడు చెవి దగ్గర గట్టిగా.

మా మధ్య అంతా సర్దుకుందని రాయను. ఇంకా కాలేదు. నిన్న మార్కెట్‌కు పోతూ నా భుజం మీద చెయ్యి వేశారు. అంతవరకు వచ్చాం.

ఈ ఉత్తరం మొత్తం ఇప్పుడే ఆయనకు చదివి వినిపించాను. ఒకచోట ఆపారు. పోస్టులో వేసే ముందు చివరన ఒక్క వాక్యంలో సూటిగా రాద్దామని, ఆయనకు ఇక చూపు రాకపోవచ్చు అని రాశాను. రాకపోవచ్చు కాదు, రాదు అని రాయి అన్నారు. అందుకే పైన ఆ వాక్యం మీద కొట్టివేత ఉంది, సరిచేసి కింద మళ్లీ రాస్తున్నాను. నా చేతి కాగితాల్లో కొట్టివేతలుండవని మీకు తెలుసు, ఇది మాత్రం ఉండనివ్వండి.

ఆయనకు ఇక చూపు రాదు అత్తమ్మా.

మోచేతిని డాక్టరుకు చూపించండి. వచ్చే శుక్రవారం వేళకు అన్నం తిని, ఏ కూరతో తిన్నారో మాకిద్దరికీ రాయండి.

ఇట్లు,
మీ కోడలు
కృపాజ్యోతి